బిగించేవాడి తాళంచెవి

జూన్ 3. వాన.

కొట్టు తీసిన కాసేపటికే యింగ్‌చున్ వచ్చింది. పెయి అవ్వ నూడుల్స్ అంగట్లో వడ్డించే అమ్మాయి, లారీ ఫు పెళ్ళాం. రోజూ నా గిన్నెలో అడక్కుండానే ఊరబెట్టిన చిక్కుళ్ళు రెండు గరిటెలు వేస్తుంది కాబట్టి కూర్చోమన్నాను. కూర్చోలేదు. గొడుగు ముడవకుండా గుమ్మంలోనే నిలబడింది.

“కాంగ్ మేస్త్రీ, మా ఇంటి తాళం మార్చాలి. ఇవాళే అయితే బాగుంటుంది.”

“ఫు ఊళ్ళో లేడా?”

“ఇసుక లోడుకి వెళ్ళాడు. ఎల్లుండిగ్గానీ రాడు.”

గుర్తింపు కార్డు అడిగాను. ఇచ్చింది. దూరపు రాష్ట్రం గుయిజౌలో ఏదో కొండపల్లె చిరునామా ఉంది దాని మీద. పెళ్ళయి వచ్చాక పేరు ఇక్కడికి మార్పించుకోలేదు. ఇంటి కాగితం అడిగాను. ఫు దగ్గరుందట. పెళ్ళి కాగితమూ అతని దగ్గరే.

“ఈ కార్డుతో నేను ఆ తలుపు ముట్టుకోకూడదమ్మా. కార్డు మీద చిరునామా, తలుపు మీద నంబరు ఒకటవ్వాలి. అప్పుడు ఫోటో తీసి పోలీసు స్టేషనుకి పంపాలి.”

“ఏడేళ్ళనుంచి ఆ ఇంట్లోనే ఉంటున్నానుగా. మీరెరగరా?”

“నాకు తెలిస్తే చాలదు. కార్డుకి తెలియాలి.”

హాస్యానికే అన్నాను. నవ్వలేదు. ఎడమ చెయ్యి చొక్కా చేతిలోంచి బయటికి తియ్యకుండా కార్డు కుడిచేత్తోనే తీసుకుంది. స్టేషనులో చియూ సారు చేత ఒక చీటీ రాయించుకు రమ్మన్నాను.

“అడిగాను. మొగుణ్ణి వెంటబెట్టుకు రమ్మన్నారు.”

వెళ్ళిపోయింది. గొడుగు నీళ్ళు గుమ్మంలో మడుగు కట్టాయి.

రూలు నేను పెట్టింది కాదు. పక్క ఊరి మేస్త్రీ మంచి మాటకి లొంగి ఒకడికి తలుపు తెరిచాడు. వాడు మరదలి ఇల్లు ఊడ్చుకుపోయాడు. లైసెన్సు పోయి ఆ మేస్త్రీ ఇప్పుడు సిమెంటు మూటలు మోస్తున్నాడు. వచ్చే నెలలో నా లైసెన్సు మీద ఏడాది ముద్ర పడాలి. తాళాలకీ అలారాలకీ కలిపి ఒకటే ముద్ర. అది లేకపోతే నా చేతిలో ఉన్నవి పనిముట్లు కావు, దొంగ సామాను.

జూన్ 4. వాన.

నూడుల్సులో ఇవాళ చిక్కుళ్ళు లేవు.

జూన్ 6. మబ్బు.

లారీ ఫు స్వయంగా కొట్టుకి వచ్చాడు. నేను అడక్కముందే కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. సిగరెట్ ఇచ్చాడు, చెవి వెనక పెట్టుకున్నాను. మనిషి నవ్వితే కొట్టంతా నవ్వినట్టుంటుంది.

“మేస్త్రీ, రెండు వైపులా చెవి పెట్టి తిప్పే తాళం కావాలి. లోపల ఆ గుండ్రటి పిడి ఉండకూడదు. గట్టిది చూడండి. తలుపు తెరుచుకుంటే నా ఫోనుకి కబురొచ్చే అలారం కూడా.”

“లోపల పిడి లేకపోతే ఇబ్బందయ్యా. అగ్గీ గిగ్గీ...”

“మా అమ్మకి మతి నిలకడ లేదు. తలుపు తీసుకుని ఏటి గట్టుకి పోతోంది. నేను లారీ మీద ఉంటానా, ఇది అంగట్లో ఉంటుందా. పడిపోతే ఎవరిది పాపం?”

మతి తప్పినవాళ్ళున్న ఇళ్ళలో అలాంటి తాళాలు వేస్తారు. లోగడ వేశాను కూడా. సంచి సర్దుకుని వెళ్ళాను. ఏటి వీధిలో చివరి నుంచి రెండో ఇల్లు, పెయి అవ్వ ఇంటి పక్కదే. ఇనప తలుపు. కిటికీలకి ఉక్కు బోను ఇదివరకే ఉంది. గోడ మీద పోయిన వరద గీత ఇంకా చెరగలేదు.

యింగ్‌చున్ వంటింట్లో ముల్లంగి తరుగుతోంది. వెనక్కి తిరగలేదు. ముసలామె కనపడలేదు. వెనక గదిలో పడుకుందన్నాడు.

కార్డు చూశాను. తలుపు నంబరు చూశాను. ఫు కార్డు పట్టుకుని తలుపు ముందు నిలబడితే ఫోటో తీసి స్టేషను గ్రూపులో పెట్టాను. చియూ సారు బొటనవేలు బొమ్మ పెట్టాడు.

బిగించాక ఎప్పుడూ చేసేదే చేశాను. కొత్త తాళంతో ఒక ఇత్తడి చెవి విడిగా వస్తుంది, అది బిగించేవాడికి. తెల్ల చెవులు సీలు కవరులో వస్తాయి, ఇంటివాళ్ళకి. కవరు ఫు చేతే చింపించి, తెల్ల చెవి బయటివైపు పెట్టి తిప్పమన్నాను. తిప్పాడు. ఆ తర్వాత నా ఇత్తడి చెవి పెట్టి చూపించాను, తిరగలేదు. ఇంటివాడి చెవి ఒక్కసారి తిరిగిందంటే బిగించేవాడి చెవి చచ్చినట్టే. ఏ ఇంటివాడికైనా ఇక్కడే నమ్మకం కుదురుతుంది.

“లోపలివైపు కూడా ఒకసారి తిప్పండి. తాళంలో చెవికి కదిలేవి అటు గుండ్లు వేరు, ఇటు గుండ్లు వేరు” అన్నాను.

“లోపల్నించి నేనెందుకు వేసుకుంటాను మేస్త్రీ!” అని నవ్వాడు.

నేనూ నవ్వాను. సామాను సర్దుకుంటుంటే అడిగాడు, తన పెళ్ళాం నా కొట్టుకి గానీ వచ్చిందా అని. ఏదో అన్నాను.

పని శుభ్రంగా వచ్చింది. కార్డు సరిపోయింది.

జూన్ 7. వాన.

మా ఆవిడ రుయిలాన్ చేప పొలుసులు తీస్తూ, నిన్న ఏటి వీధిలో ఎవరింట్లో పని అని అడిగింది. చెప్పాను. ఫు వాళ్ళమ్మకి మతి నిలకడ లేదట అన్నాను.

కత్తి ఆపింది.

“ఏ అమ్మకి?”

“ఫు వాళ్ళమ్మకి.”

“పోయిన చలికాలం పాతిపెట్టింది ఎవర్నయ్యా మరి? డప్పుల వెనకాల నువ్వేగా నడిచి బూట్లనిండా బురద చేసుకొచ్చావు. ఆ బూట్లు కడిగింది నేను.”

పిన్నమ్మ అయ్యుంటుందన్నాను. వాళ్ళు పిన్నమ్మని కూడా అమ్మా అనే పిలుస్తారేమో అన్నాను.

“అయ్యుంటుంది” అంది. మళ్ళీ కత్తి అందుకుంది.

చేప బాగుంది. పులుసు కాస్త ఎక్కువైంది.

జూన్ 9. వాన.

పెయి అవ్వే వడ్డిస్తోంది. యింగ్‌చున్‌కి జ్వరమట, మొగుడొచ్చి చెప్పి వెళ్ళాడట.

జూన్ 10. వాన.

పిన్నమ్మే అయ్యుంటుంది.

జూన్ 13. వాన తెరిపిచ్చింది.

అంగట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. పెయి అవ్వ గిన్నె నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

“ఇంకా జ్వరమేనా అవ్వా?”

“నాకేం తెలుసు. గోడకవతల చప్పుడే లేదు. లోగడ చప్పుడొస్తే భయమేసేది. ఇప్పుడు రాకపోతే వేస్తోంది.”

“వెళ్ళి తలుపు కొట్టకపోయావా?”

“కొట్టాను. తలుపుకి ఆనుకుని నిలబడింది, ఊపిరి వినపడుతోంది. తియ్యవే పిల్లా అంటే, ‘అవ్వా, ఇది లోపల్నించి రాదు’ అంది.” నా మొహంలోకి చూసింది. “అదేం తాళమయ్యా కాంగూ, లోపల్నించి రానిది?”

“మతి తప్పినవాళ్ళున్న ఇంట్లో వేస్తారు.”

“ఓహో. ఆ ఇంట్లో మతి తప్పినవాడెవడో కనిపెట్టే వేశావన్నమాట.”

నూడుల్స్ సగం వదిలేశాను. కారం ఎక్కువైంది.

ఫు లారీ మీద పోయేటప్పుడు బియ్యం, కూరలు ఇంట్లో పెట్టి, బయటినించి రెండు తిప్పులు తిప్పి పోతాడట. అవ్వ చెప్పింది. గునపంతో పొడిపించనా అని కూడా అడిగింది. తలుపు కదిలితే అతని ఫోనుకి కబురు పోతుందని చెప్పాను. ఎక్కడున్నా లారీ తిప్పుకొస్తాడు. అదెలా తెలుసునని అడగలేదు. అడగనక్కర్లేదు కూడా.

జూన్ 15. ఎండ, ఉక్క.

ఏడాది ముద్ర సంగతి కనుక్కుందామని స్టేషనుకి వెళ్ళాను. ముద్ర కోసమే వెళ్ళాను. మాటల్లో మాటగా ఫు ఇంటి విషయం ఎత్తాను.

చియూ సారు టీ గ్లాసు మూత తిప్పుతూ విన్నాడు. చెడ్డవాడు కాదు. మా ఊళ్ళో ఎవరి గేదె తప్పిపోయినా తనే వెతుకుతాడు.

“కాంగ్ మేస్త్రీ, మొగుడూ పెళ్ళాల మధ్య తాళం పెట్టింది నువ్వు. తియ్యమని నన్నంటున్నావా?”

“అలా కాదు సార్.”

“పారిపోతానని బెదిరిస్తోందట. నాలుగు రోజులు కోపాలు చల్లారనీ. నేను ఫోను చేసి మందలిస్తాలే. ఇల్లు అతనిదేగా? కార్డు సరిపోయిందేగా?”

“సరిపోయింది సార్.”

“నువ్వే ఫోటో పంపావు. నేను చూశాను. ఇంటివాడు లేకుండా ఆ తలుపు ముట్టుకున్నావో, ముద్ర మాట మరిచిపో. ఈసారి జిల్లా నుంచి వస్తారు, నా చేతిలో ఉండదు.”

టీ ఇచ్చాడు. తాగాను.

పైవాళ్ళకి చెప్పాల్సింది చెప్పాను. నా వంతు అయింది.

జూన్ 16. ఎండ.

నా వంతు అయింది.

జూన్ 19. వాన. పడవ పందేల పండగ.

పందేలు ఆపేశారు, ఏరు అప్పుడే ఎర్రబడింది. రుయిలాన్ ఆకు పొట్లాల్లో బియ్యం చుట్టి ఉడికించి, ఒక గుత్తి పట్టుకుని నాకు చెప్పకుండా ఏటి వీధికి వెళ్ళింది. తడిసి వచ్చింది.

కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది. కిటికీ బోనులోంచి ఒక్కొక్కటే లోపలికి ఇచ్చిందట. యింగ్‌చున్ అక్కడే నిలబడి రెండు పొట్లాలు ఆకు కూడా సరిగ్గా విప్పకుండా తినేసిందట.

“మాట్లాడిందా?”

“నన్ను వదినా అంది. ఎప్పుడూ అనలేదు.”

“ఇంకా?”

“వంటింటి కిటికీలోంచి చూస్తే తలుపు లోపలివైపు కనపడుతుందయ్యా. చెవి రంధ్రం చుట్టూ రంగంతా గీకేసి ఉంది. చెంచాతోనో, సూదితోనో. తెల్లగా మెరుస్తోంది.”

ఆ తాళం చెంచాకి లొంగేది కాదు. నా కొట్లో ఉన్నవాటన్నిట్లోకీ గట్టిది. లోగడ జిల్లా ఊళ్ళో కొట్టుకి పోయి నేనే ఏరి తెచ్చాను.

రుయిలాన్ పక్క గదిలో పడుకుంది.

జూన్ 21. వాన.

పని లేదు. చచ్చిన చెవుల డబ్బా దించి సర్దాను. బిగించాక మిగిలిపోయిన ఇత్తడి చెవులన్నీ అందులోనే పడేస్తాను, ఒక్కొక్కదానికీ ఇంటి నంబరు చీటీ కట్టి. కరగబోసేవాడు ఏడాదికోసారి వచ్చి పట్టుకుపోతాడు.

ఏటి వీధి చెవి తీసి బల్ల సొరుగులో విడిగా పెట్టాను. ఊరికే.

జూన్ 22. వాన.

అటు గుండ్లు వేరు, ఇటు గుండ్లు వేరు.

లోపలివైపు ఫు తెల్ల చెవి ఒక్కసారైనా తిప్పి ఉంటే ఇత్తడిది అక్కడా చచ్చినట్టే. తిప్పకపోతే బతికే ఉంటుంది. ఇంట్లో పడుకునే రాత్రుళ్ళు లోపల్నించి వేసుకుంటాడా, గొళ్ళెంతో సరిపెడతాడా? నాకెలా తెలుస్తుంది. తెలుసుకుని ఏం చేస్తాను. చెవి లోపలికి ఇచ్చినా తలుపు కదిలితే కబురు పోతుంది. ఆ పని కూడా శుభ్రంగానే చేశాను.

జూన్ 24. వాన.

ఆరో తారీఖున ‘ఏదో అన్నాను’ అని రాశాను. నేనన్నది ఇది. “వచ్చింది. తాళం మార్చమంది. కార్డు సరిపోలేదు, పంపించేశాను. నా దగ్గర అలాంటి పప్పులు ఉడకవు.”

ఫు నా భుజం తట్టాడు. వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

జూన్ 27. వాన.

ఫు కొట్టు ముందు లారీ ఆపి, దిగకుండానే అరిచాడు. “మేస్త్రీ! మీ తాళం భేష్!” ఎగువన రోడ్డు పని ఉందట, వారం దాకా రాడట.

చెయ్యి ఊపాను.

జూన్ 29. పెద్ద వాన.

లౌడుస్పీకర్లో ఏటి నీళ్ళ లెక్క చెబుతున్నారు. పెయి అవ్వని కూతురొచ్చి కొండ మీది ఇంటికి తీసుకుపోయింది. పోతూ పోతూ అవ్వ నా కొట్టు గుమ్మంలో ఉమ్మేసింది. నన్ను చూసి కాదు, దగ్గొచ్చింది అనుకుంటాను.

జూన్ 30. పెద్ద వాన.

ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తుతారట. రుయిలాన్ బియ్యం డబ్బాలు మేడ మీదికి చేరవేసింది. మా వీధికి నీళ్ళు రావు, అయినా చేరవేసింది. నాతో మాట్లాడవలసినప్పుడు గోడకేసి చూసి మాట్లాడుతోంది.

జూలై 1. వాన.

ఇది కుదురుగా రాయాలి.

పొద్దున్నే చియూ సారు మనిషిని పంపాడు. ఏటి వీధి ఖాళీ చేయిస్తున్నారు, నన్ను సంచితో రమ్మన్నాడు. ఇలాంటప్పుడు ఊళ్ళో లైసెన్సున్న మేస్త్రీని పక్కన ఉంచుకోవడం వాళ్ళ పద్ధతి. బయల్దేరేటప్పుడు సొరుగులోని చెవి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నన్ను నేను అడగలేదు.

వీధి మొదట్లోనే నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. కరెంటు అప్పటికే తీసేశారు. పిల్లల్ని, ముసలివాళ్ళని, పందుల్ని బడికి తోలుతున్నారు. చియూ సారు గొంతు పోయింది, లౌడుస్పీకరులో మాట్లాడినా బొంగురే. ఇళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచి తేల్చుకుంటున్నాడు. ఫు ఇంటి దగ్గరికొచ్చేసరికి ఫోను తీసి అతనికి చేశాడు. కాసేపు మాట్లాడి పెట్టేశాడు.

“అక్కడెవరూ లేరట. పోయిన వారం పుట్టింటికి పంపేశాడట.”

“సార్, మా ఆవిడ పండగనాడు చూసింది ఆమెని.”

“పండగ ఎప్పుడయిందయ్యా? పోయిన వారం నువ్వు చూశావా?”

“లేదు.”

“ఇంటివాడు ఎవరూ లేరన్నాడు, నువ్వు చూడలేదన్నావు.” చెయ్యెత్తి ఆ వరసంతా చూపించాడు. కింద నుంచి మూడిళ్ళ గడపలు మునిగాయి. “మేస్త్రీ, ఇంకా అవతలి గట్టు తేల్చాలి. తెరిపించి చూస్తే ఎవరూ లేరనుకో, ఫు రేపొచ్చి నా ఇంట్లో అది పోయింది, ఇది పోయింది అంటాడు. అప్పుడు నీ లైసెన్సు ఎవడు కాస్తాడు? పద.”

వాళ్ళు పడవ ఎక్కారు. సంచి కొట్లో పెట్టి వస్తానన్నాను. సంచిలో డ్రిల్లు ఉంది. కరెంటు లేదు, అదీ, ఫు తలుపు మీది అలారమూ ఉన్నా లేనట్టే. దాన్ని పెయి అవ్వ అరుగు మీద పెట్టి గోడ పట్టుకుని నడిచాను. తొడల దాకా వచ్చాయి. నీళ్ళలో చెప్పులూ సీసాలూ పోతున్నాయి.

వంటింటి కిటికీ దగ్గర పేరు పెట్టి పిలిచాను. ఏమీ లేదు. మళ్ళీ పిలిచాను. పొయ్యి గట్టు మీద ముడుచుకుని కూర్చుని ఉంది. లోపల కూడా నీళ్ళే, గట్టు అంచుకి జానెడు కింద. నన్ను చూసి వెంటనే దిగలేదు. నేనే అని గుర్తుపట్టడానికి కాదు ఆ ఆలస్యం. గుర్తుపట్టింది.

“ఏం మేస్త్రీ,” అంది, “కార్డు చూపించాలా?”

 బోనులోంచి ఇత్తడి చెవి చాపాను. “ఇది తలుపుకి లోపల్నించి పెట్టు. బయటినించి నా వల్ల కాదు.”

“తిరుగుతుందా?”

“అతనెప్పుడైనా లోపల్నించి చెవితో వేశాడా?”

ఆలోచించింది. “తాగి వచ్చిన రోజు నాకు తెలీదు. నేను వెనక గదిలో ఉన్నాను.”

నడుం దాకా నీళ్ళలో తలుపు దగ్గరికి వెళ్ళింది. నేను బయట ఇనప రేకుకి చెవి ఆనించి విన్నాను. లోపలి చప్పుళ్ళన్నీ నాకు తెలిసినవే. తాళంచెవి దూరింది. సగంలో ఆగింది.

“పోవట్లేదు మేస్త్రీ.”

ఆమె గీకిన ఇనప రజను గుండ్ల మీద పడి ఉంటుంది. ఇత్తడిది చచ్చి ఉంటే చెవి పూర్తిగా దూరుతుంది, తిరగదు. సగంలో ఆగిందంటే ఇంకా తేలలేదన్నమాట.

“బలవంతం చెయ్యకు. విరిగితే ఇక అంతే. వంటనూనె ఉందా?”

“ఉంది.”

“చెవికి పూసి పెట్టు. పెట్టి, తీసి, పెట్టి, తీసి.”

తాళంలో నూనె పొయ్యొద్దని ఇన్నేళ్ళుగా ఊరందరికీ చెబుతున్నది నేనే. లోపల డబ్బా మూత పడింది. పెట్టింది, తీసింది. నీళ్ళు నా నడుం దాటాయి. పడవ మోటారు అవతలి గట్టున వినపడుతోంది. అరిస్తే వచ్చేవాళ్ళు. అరవలేదు. అరవకపోవడం ఆమె కోసమో, ముద్ర కోసమో ఇప్పుడు కూడా చెప్పలేను.

చెవి పూర్తిగా దూరిన చప్పుడు వినపడింది.

“హ్యాండిల్ కొంచెం పైకి లేపి తిప్పు. నీ వైపుకి.”

తిరగలేదు.

“లేపావా?”

“లేపాను.”

“ఇంకొంచెం లేపు. నీళ్ళ బరువుకి తలుపు వంగింది.”

అప్పుడు మొదటి తిప్పు పడింది. ఆ తర్వాత రెండోది. నేను లాగాను, ఆమె నెట్టింది. బయటికొచ్చేటప్పుడు ఒక ప్లాస్టిక్ సంచి నెత్తిన పెట్టుకుంది, ఇంకో చేత్తో గోడ పట్టుకుంది. నా చెయ్యి పట్టుకోలేదు.

బడికి రానంది. అక్కడ ఫు బంధువులు ఉంటారట. మా ఇంటికి తీసుకొచ్చాను. రుయిలాన్ తలుపు తీసి, నన్ను దాటుకుని వెళ్ళి ఆమెని లోపలికి తీసుకుంది.

నేను ఆ తలుపు తెరవలేదు. ఆమే తెరుచుకుంది. ఎవరడిగినా ఇదే చెబుతాను.

జూలై 2. మబ్బు.

నీళ్ళు ఏటి వీధి ఇళ్ళ సగం గోడ దాకా ఎక్కి, తెల్లారేసరికి దిగడం మొదలెట్టాయి. యింగ్‌చున్ మా కొట్టు పైన మేడ గదిలో పడుకుంది. కార్డు కూడా ఫు దగ్గరే ఉందట, ఆరో తారీఖునే తీసేసుకున్నాడట. కార్డు లేకుండా గుయిజౌకి రైలు టికెట్ ఇవ్వరు. గంజి తాగుతూ చటుక్కున ఆగింది.

“మేస్త్రీ, ఆ చెవి.”

“ఏదీ?”

“తలుపులోనే వదిలేశాను. లోపలివైపు.”

రుయిలాన్ నన్ను చూసింది. ఈ మధ్య మొదటిసారి, గోడని కాకుండా.

ఊళ్ళో ఆ చెవి ఒక్కడి దగ్గరే ఉంటుందని ఫుకి తెలుసు. నేనే తిప్పి చూపించాను. దానికి చీటీ కూడా కట్టి ఉంది, నా చేతి రాతతో.

జూలై 3. ఎండ.

పొద్దున కరెంటు వచ్చింది. అలారం పెట్టె తలుపు పైన, చూరు కింద పెట్టాను, వరద గీత చూసి మరీ. అది తడిసి ఉండదు. కరెంటు రాగానే దాని పని అది చేస్తుంది. వచ్చిన కాసేపటికే ఫోను మోగింది.

“కాంగ్ మేస్త్రీ.” నవ్వు లేదు. “నా తలుపు తెరిచి ఉందని చూపిస్తోంది.”

“వరదకి తలుపులు కదిలాయేమో.”

“మీ తాళం వరదకి కదిలేదా?”

ఫోను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

“వచ్చి చూస్తాలెండి. కొట్లోనే ఉంటారుగా?”

“ఉంటాను” అన్నాను.

చియూ సారుకి ఫోను చేసి మొత్తం చెప్పాను. చెవి సంగతి కూడా.  “ఆ రోజు లోపల ఉందా ఆవిడ? నీళ్ళలో?” అన్నాడు. ఉందన్నాను. “లైసెన్సు తీసుకుని స్టేషనుకి రా” అన్నాడు. ఆగి, “ఇవాళొద్దు. ఇవాళ ఇంట్లోనే ఉండు. అవతలి గట్టు నుంచి పడవ దొరగ్గానే వస్తాను” అన్నాడు. వంతెన మీద ఇంకా బురద తీస్తున్నారు. లారీలనే ముందు వదులుతున్నారట.

మేడ గదికి గడియ కూడా సరిగ్గా లేదు. కొట్లోంచి అలాంటిదే ఇంకో తాళం తెచ్చాను. ఆ రకంలో అదొక్కటే మిగిలింది. లోపల గుండ్రటి పిడి ఉన్నది. బిగిస్తుంటే యింగ్‌చున్ మంచం మీద కూర్చుని నా చేతుల్ని చూస్తోంది, అవి తనవైనట్టు. కార్డు అడగలేదు. ఫోటో తియ్యలేదు. సీలు కవరు ఆమెకిచ్చాను. పళ్ళతో చింపింది. తెల్ల చెవి తీసి బయటివైపు పెట్టి తిప్పింది.

“మీది పెట్టి చూడండి” అంది.

ఈ తాళంతో వచ్చిన ఇత్తడి చెవి పెట్టాను. పూర్తిగా దూరింది. తిరగలేదు.

“గట్టిగా తిప్పండి.”

గట్టిగా తిప్పాను. రాలేదు. అప్పుడు లోపలికి వెళ్ళి వేసుకుంది. ఆ తలుపు ఇప్పుడు నాక్కూడా రాదు.

పెయి అవ్వ కూతురింటి నుంచి దిగొచ్చి కొట్టు ముందు నిలబడింది. “ఫు నీలం లారీ వంతెన దాటిందయ్యా కాంగూ” అంది. చెప్పేసి వెళ్ళిపోకుండా, పక్కింటి ముక్కాలి పీట తెచ్చుకుని నా గుమ్మంలోనే కూర్చుంది. చేతిలో నూడుల్స్ వార్చే జల్లి గరిటె ఉంది.

రుయిలాన్ కొట్టు రేకు తలుపు లోపల్నించి దించింది. లారీ ఆగిన చప్పుడు నేను విన్నాను, పైన ఆమె కూడా వినే ఉంటుంది.

ఇంటివాడు ఒప్పుకోకుండా తలుపు ఎవరూ తెరవకూడదు. ఈ ఇంటి చిరునామా నా కార్డు మీద ఉంది. సరిపోతుంది.